యూ అంటే మీరు



"ఇంగ్లీషువాళ్ళకి చిన్నా పెద్దా తేడా లేదండీ. తాతనీ యూ అంటారు, మనవణ్ణీ యూ అంటారు, ఇంట్లో కుక్కపిల్లనీ యూ అనే అంటారు." ఈ మాట మీరు వినే ఉంటారు. మీ ఇంట్లోనే పెద్దవాళ్ళెవరో అని ఉంటారు. మనకైతే నువ్వు ఉంది, మీరు ఉంది, కాస్త వెటకారం కావాలంటే తమరు ఉంది. వాళ్ళకి ఉన్నది ఒక్క యూ. అంచేత ఇంగ్లీషు మర్యాద తెలియని భాష అని మనలో చాలామందికి గట్టి నమ్మకం.

ఇవాళ ఆ నమ్మకాన్ని కాస్త కదిలించి చూద్దాం. అసలు సంగతి ముందే చెప్పేస్తాను. ఇంగ్లీషు యూకి పుట్టుకతో ఉన్న అర్థం నువ్వు కాదు, మీరు. మళ్ళీ చెబుతాను, యూ అంటే మీరు. ఇంగ్లీషుకి ఒకప్పుడు నువ్వు అనే మాట విడిగా ఉండేది. అది పోయింది. మీరు మిగిలింది. కాబట్టి ఇంగ్లీషువాడు తాతనీ మీరు అంటున్నాడు, మనవణ్ణీ మీరు అంటున్నాడు. కుక్కపిల్లని కూడా మీరనే అంటున్నాడు పాపం.

ఇది ఎలా జరిగిందో చూడాలంటే వెయ్యేళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మీలో ఎవరైనా బడిలో సంస్కృతం చదివి ఉంటే, యుష్మద్ శబ్దం గుర్తుందా? త్వం, యువాం, యూయం. త్వం అంటే నువ్వు. యువాం అంటే మీరిద్దరూ. యూయం అంటే మీరందరూ. మాస్టారు బెత్తం పట్టుకుని వల్లె వేయించేవారు. సరిగ్గా అలాగే ఇంగ్లీషుకీ మూడు ఉండేవి. ఆ పాతకాలపు ఇంగ్లీషులో ఒక్కణ్ణి పిలిస్తే థూ. ఇద్దరిని పిలిస్తే యిట్. ఎక్కువమందిని పిలిస్తే యే. థూ అంటే మనకి ఇంకేదో వినిపిస్తుంది, కంగారు పడకండి. వాళ్ళకది మంచి మాటే. మన త్వం, హిందీ తూ, ఫ్రెంచి త్యూ, ఈ థూ, అన్నీ ఒకే తల్లి పిల్లలు. మన తెలుగు నువ్వు మాత్రం ఆ కుటుంబంలోది కాదు. దాని చుట్టాలు తమిళంలో, కన్నడంలో ఉన్నారు.

ఆ రోజుల్లో థూ అనడంలో చిన్నతనమేమీ లేదు. ఎదుట ఒక్క మనిషి ఉంటే థూ, అంతే. ఆ మనిషి రాజైనా థూ, పశువులు కాసేవాడైనా థూ. మన పాత కావ్యాల్లో కూడా రాజుని నీవు అనే పలకరించేవారు కదా, అలా. ఎంతమంది అన్నదే లెక్క గానీ ఎంతటివాడు అన్నది లెక్క కాదు.

మరి మర్యాద ఎక్కణ్ణుంచి వచ్చింది? ఫ్రాన్సు నుంచి వచ్చింది. 1066లో నార్మండీ ప్రభువు విలియం సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు గద్దె ఎక్కాడు. అప్పణ్ణుంచి కోటలో, కొలువులో, న్యాయస్థానంలో మాట్లాడేది ఫ్రెంచి. ఇంగ్లీషు పొలాల్లోకీ వంటిళ్ళలోకీ పోయింది. ఫ్రెంచివాళ్ళకి ఒక అలవాటు ఉంది. పెద్దవాడైతే ఒక్కడే అయినా బహువచనంలో పిలుస్తారు. ఒకే మనిషిని మీరు అంటారు. మనం చేసేది అదే. సుమారు రెండు వందల ఏళ్ళు గడిచేసరికి ఇంగ్లీషువాళ్ళూ ఆ పద్ధతి పట్టుకున్నారు. గొప్పింటివాళ్ళ అలవాటు కింది ఇళ్ళలోకి దిగిరావడం ఎక్కడైనా ఉన్నదేగా.

అలా ఇంగ్లీషులో రెండు వరసలు ఏర్పడ్డాయి. పాత థూ కాస్తా దౌ అయింది. అది నువ్వు. యే, యూ అన్నవి మీరు. ఇంట్లో పిల్లలకి దౌ, నౌకరుకి దౌ, ప్రాణస్నేహితుడికి దౌ. యజమానికి యూ, తండ్రికి యూ, కొత్తవాడికి యూ. అచ్చంగా మన ఇంటి పద్ధతే. మనవాళ్ళెవరైనా ఆ కాలంలో లండన్ వెళ్ళి ఉంటే ఒక్క రోజులో పట్టేసేవారు.

షేక్‌స్పియర్ నాటకాల్లో ఈ రెండు మాటలూ ఎలా ఆడతాయో చూస్తే ముచ్చటేస్తుంది. హామ్లెట్ నాటకంలో ఒక ఘట్టం ఉంది. హామ్లెట్ తండ్రి చనిపోయాడు. తల్లి వెంటనే మరిదిని పెళ్ళాడింది. కొడుకు మనసు మండిపోతోంది. తల్లి కబురంపి గదిలోకి పిలిపించుకుంది. ఆవిడ మాట మొదలుపెట్టడం దౌతో మొదలుపెట్టింది. అంటే, నువ్వు మీ నాన్నని బాధపెట్టావురా అన్నట్టు. ఇక్కడ నాన్న అంటే ఆ రెండో మొగుడు. కొడుకు ఆ వాక్యాన్నే తిప్పి కొట్టాడు. కానీ యూ పెట్టి కొట్టాడు. మీరు మా నాన్నని బాధపెట్టారమ్మా అన్నట్టు. ఇక్కడ నాన్న అంటే చచ్చిపోయిన కన్నతండ్రి. కొడుకు నోటివెంట మీరు వచ్చేసరికి తల్లికి తగలాల్సిన చోట తగిలింది. వెంటనే ఆవిడ కూడా దౌ వదిలేసి యూలోకి వెళ్ళిపోయింది. మీరేమిటి అలా మాట్లాడుతున్నారు అన్నంత దూరం.

మన ఇళ్ళలో అమ్మకి కోపమొస్తే ఏం చేస్తుంది? "ఏమండీ, తమరు ఇప్పుడు లేచారా?" అంటుంది. ఆ తమరు చెంపదెబ్బ కన్నా గట్టిగా తగులుతుంది. హామ్లెట్ తల్లి చేసిందీ అదే. ఇవాళ ఇంగ్లండులో పుట్టి పెరిగిన పిల్లవాడికి ఆ ఘట్టంలో ఈ తేడాని ఎవరో విడమరిచి చెప్పాలి. తెలుగువాడికి అక్కర్లేదు. ఏది నువ్వో ఏది మీరో చెబితే చాలు, మిగతాది చెవికే తెలిసిపోతుంది. షేక్‌స్పియర్ని చదవడంలో మనకి ఈ ఒక్క విషయంలో వాళ్ళ కన్నా సులువు అని నేను ధైర్యంగా అంటాను.

నాటకంలో సరే, బయట కూడా ఈ మాటతో మనుషుల్ని కొట్టేవారు. 1603లో వించెస్టర్లో ఒక పెద్ద విచారణ జరిగింది. ముద్దాయి సర్ వాల్టర్ రాలీ. ఎలిజబెత్ రాణికి ఒకప్పుడు కుడిభుజం, సముద్రాలు తిరిగిన వీరుడు. కొత్త రాజు జేమ్స్ మీద కుట్ర పన్నాడని నేరం మోపారు. ప్రభుత్వం తరఫున వాదించింది అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కుక్. ఆయన నిండు సభలో రాలీని దౌ అన్నాడు. ఊరికే అనడం కాదు, ఆ దౌని ఒక క్రియగా మార్చి, నిన్ను నువ్వు అనే అంటాను, నువ్వు ద్రోహివి అన్న ధోరణిలో అన్నాడు. ఊళ్ళో పెద్దమనిషిని పంచాయతీలో నిలబెట్టి "ఏరా" అంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రాలీకి మరణశిక్ష వేశారు. తల తీయడం 1618లో జరిగింది గానీ, ఆ రోజు ఆ సభలో పరువు తీసింది మాత్రం ఒక్క సర్వనామం.

ఇంతవరకూ దౌ ఉంది, యూ ఉంది. మన నువ్వూ మీరూ లాగే ఉన్నాయి. ఇక్కడ ఒక చిత్రమైన గుంపు రంగంలోకి వస్తుంది. వాళ్ళ గురించి కాస్త నిదానంగా చెప్పుకోవాలి.

వాళ్ళే క్వేకర్లు. 1650 ప్రాంతాల్లో ఇంగ్లండులో లేచిన క్రైస్తవ శాఖ. మొదలుపెట్టినవాడు జార్జ్ ఫాక్స్ అనే ఒక నేతగాడి కొడుకు. దేవుడి ముందు అందరూ సమానమే అన్నది వాళ్ళ నమ్మకం. ఆ మాట చాలామంది అంటారు. వీళ్ళు అన్నమాట మీద నిలబడ్డారు. దొర ఎదురైనా టోపీ తీయరు. జడ్జి ముందైనా టోపీ తీయరు. ఎవర్ని పిలిచినా దౌ అనే పిలుస్తారు. ఒక్క మనిషిని బహువచనంలో పిలవడం అబద్ధం, ఉన్నది ఒక్కడైతే మీరు అనడమేమిటి, అది పొగడ్తే కదా, పొగడ్త పాపం కదా, ఇదీ వాళ్ళ వాదన.

ఇప్పుడు మీరే ఊహించండి. జిల్లా కలెక్టరు ఆఫీసుకి ఒక రైతు వెళ్ళాడు. తలపాగా తీయలేదు. "ఏమయ్యా, నువ్వు నా దరఖాస్తు చూశావా?" అన్నాడు. తిట్టడానికి కాదు, నిష్ఠగా అన్నాడు. ఆ గదిలో గాలి ఎలా మారిపోతుంది? క్వేకర్లకి రోజూ అదే అనుభవం. తిట్లు తిన్నారు, తన్నులు తిన్నారు, జైళ్ళకి వెళ్ళారు. థామస్ ఎల్‌వుడ్ అని ఒక కుర్రవాడు ఉండేవాడు. తర్వాతి రోజుల్లో చూపు పోయిన మహాకవి మిల్టన్‌కి పుస్తకాలు చదివి పెట్టినవాడు. కలిగిన ఇంటి బిడ్డ. అతను క్వేకర్లలో చేరి, ఇంటికొచ్చి, కన్నతండ్రి ఎదుట టోపీ తీయకుండా నిలబడి, ఆయన్ని నువ్వు అన్నాడు. తండ్రి చెయ్యి చేసుకున్నాడు. ఇంకొక్కసారి ఆ మాట నీ నోట వస్తే పళ్ళు రాలగొడతానన్నంత బెదిరించాడు. ఎల్‌వుడ్ ఈ సంగతులన్నీ తన జీవితచరిత్రలో తనే రాసుకున్నాడు. కొడుకు దొంగతనం చేసినా ఆ తండ్రికి అంత కోపం వచ్చేదో లేదో.

1660లో ఫాక్స్ తన సహచరులతో కలిసి దీని మీద ఒక లావుపాటి పుస్తకమే వేశాడు. ఏకవచనం ఏదో బహువచనం ఏదో పండితులకి నేర్పడానికట! దానికి పెట్టిన పేరు కూడా పిల్లలు అక్షరాలు దిద్దుకునే చెక్క పేరు. హీబ్రూ నుంచి లాటిన్ దాకా ఎన్నో భాషల నుంచి ఉదాహరణలు తెచ్చి, చూడండి, ఒక్కడికి ఒక మాట, పదిమందికి ఒక మాట, అన్ని భాషల్లోనూ ఇదే న్యాయం అని వాదించాడు. వాదన బాగానే ఉంది. కానీ భాష న్యాయం వినదు. క్వేకర్లు ఎంత పట్టు పట్టినా మిగతా జనం అందరూ యూ వైపే నడిచారు. పైగా, దౌ అంటే క్వేకరు అనే ముద్ర పడిపోయింది. ఆ ముద్ర మాకెందుకని మిగిలినవాళ్ళు ఇంకాస్త దూరం జరిగి ఉంటారని నా అనుమానం.

1700 వచ్చేసరికి లండన్‌లో చదువుకున్నవాళ్ళ నోట దౌ దాదాపు లేదు. ఎందుకు పోయింది? పండితులు చాలా చెబుతారు. నాకు సబబుగా తోచేది ఒకటుంది. పట్నం పెరిగింది. ఊళ్ళో అయితే ఎవరు ఎవరో తెలుసు. ఎవర్ని ఏమనాలో పుట్టినప్పుడే తెలుసు. పట్నంలో ఎదుటివాడు ఎవరో తెలియదు. నిన్నటి గుమాస్తా ఇవాళ వ్యాపారి. మంచి కోటు వేసుకున్నాడు. వాణ్ణి నువ్వు అంటే గొడవ. మీరు అంటే పోయేదేముంది?

మనమూ అంతేగా. రాజమండ్రి అమ్మాయి కరీంనగర్ కోడలైతే మొదటి నెల అంతా ఈ తికమకే. అక్కడ తాతని కూడా ప్రేమగా "నువ్వెప్పుడొచ్చినవ్ తాతా" అంటారు. అందులో అమర్యాద లేదు. ఈ అమ్మాయికి నోరు రాదు. అందరినీ మీరు అనేసి గట్టెక్కుతుంది. ఒక్కోసారి ఎటూ తేలకపోతే అసలు నువ్వూ మీరూ రెండూ లేకుండా మాట్లాడతాం. "భోజనం అయిందా?" "ఏ ఊరు?" "ఎందాకా ప్రయాణం?" ఈ విద్యలో మనం ఆరితేరినవాళ్ళం. ఇంగ్లీషులో అలా తప్పించుకోవడం కష్టం. వాక్యంలో కర్త కూర్చోవాల్సిందే. అందుకని వాళ్ళు అందరికీ మీరు వేసేశారు.

మరి ఇంగ్లీషు టీచర్లని వేధించే ప్రశ్న ఒకటుంది. ఎదుట ఉన్నది ఒక్కడే. మరి యూ ఈజ్ అనకుండా యూ ఆర్ అంటామేం? జవాబు మీకు ఇప్పటికే తెలుసు. యూ అంటే మీరు. మనం ఒక్క మాస్టారిని "మీరు వచ్చారా" అంటాం గానీ "మీరు వచ్చాడా" అనం కదా. అంతే సంగతి. మధ్యలో కొన్నాళ్ళు ఇంగ్లీషువాళ్ళు కూడా తడబడ్డారు. 1700ల్లో చదువుకున్నవాళ్ళు సైతం ఒక్కరితో మాట్లాడేటప్పుడు యూ వాజ్ అనేవారు. రాబర్ట్ లౌత్ అనే మతగురువు 1762లో వ్యాకరణం రాసి, అది ఘోరమైన తప్పని తేల్చాడు. బళ్ళన్నీ ఆయన మాట పట్టుకున్నాయి. యూ వాజ్ చదువురానివాళ్ళ మాట అయిపోయింది.

ఇంకో తమాషా చెప్పాలి. యూ అనేది మొదట్లో కర్త రూపం కూడా కాదు. మీరు అనడానికి యే ఉండేది, తర్వాత అది యీ అయింది. మిమ్మల్ని, మీకు అనడానికి ఉన్నదే ఈ యూ. పాత రూపం ఏఓవ్. అంటే, మీరు వచ్చారు అన్నచోట యీ రావాలి. మిమ్మల్ని చూశాను అన్నచోట యూ రావాలి. రెండూ గబగబా పలికితే ఒకేలా వినిపిస్తాయి. 1500ల నాటికి జనం కలిపేశారు. మిమ్మల్ని వచ్చి మీరు కుర్చీలో కూర్చుంది. ఆ లెక్కన ఇవాళ ఎవరైనా హౌ ఆర్ యూ అని పలకరిస్తే, పూర్వపు చెవులకి అది "మిమ్మల్ని ఎలా ఉన్నారు?" అన్నట్టు వినిపించాలి. క్వేకర్లకీ ఇదే గతి పట్టింది. అమెరికాలో స్థిరపడ్డ క్వేకర్లు కొన్ని తరాలకి దౌ మర్చిపోయి దీ అనడం మొదలుపెట్టారు. దీ అంటే నిన్ను. అంటే వాళ్ళు "నిన్ను వచ్చావా" అన్నారన్నమాట. వ్యాకరణం కోసం తన్నులు తిన్నవాళ్ళ మనవలు!

పోయిన దౌ పూర్తిగా పోలేదు. యార్క్‌షైర్ లాంటి ఉత్తరాది ప్రాంతాల్లో పెద్దవాళ్ళ యాసలో ఇంకా కొన ఊపిరితో ఉంది. ఇంకొక చోట నిక్షేపంలా ఉంది. అది చర్చి. 1611లో రాజు జేమ్స్ పేరు మీద వచ్చిన ఇంగ్లీషు బైబిల్లో దేవుణ్ణి దౌ అనే పిలుస్తారు. ఇవాళ్టి ఇంగ్లీషువాళ్ళు అది వినగానే, ఆహా, ఎంత గంభీరం, దేవుడి కోసం దాచిపెట్టిన మాట అనుకుంటారు. నిజానికి ఆ అనువాదకుల పద్ధతి తేలికైనది. హీబ్రూలో, గ్రీకులో ఒక్కరు ఉంటే దౌ, ఎక్కువమంది ఉంటే యీ. అందుకే ఆ పుస్తకంలో దేవుడికీ దౌ, రాజుకీ దౌ, సైతానుకీ దౌ. మనకి ఇది వింతగా అనిపించదు. అన్నమయ్య వేంకటేశ్వరుణ్ణి నీవు అనే అన్నాడు. రామదాసు చెరసాలలో కూర్చుని రాముణ్ణి నీవు అనే నిలదీశాడు. దేవుణ్ణి మీరు అంటే దూరం చేసినట్టే. మన చర్చిల్లో తెలుగు ప్రార్థనలోనూ నీవే ఉంటుంది. దౌలోని ఆ చనువు ఇంగ్లీషువాడికి వినపడడం మానేసింది, మనకి నీవులో ఇంకా వినిపిస్తూనే ఉంది.

ఇక మన ఇళ్ళకి వద్దాం. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో పుట్టిన మనవడు వీడియో కాల్‌లో కనబడతాడు. గుంటూరులో తాతగారు మురిసిపోతారు. వాడు ముద్దుముద్దుగా "తాతా, నువ్వు తిన్నావా?" అంటాడు. తాతగారికి ఒక్క క్షణం చివుక్కుమంటుంది. "ఒరేయ్, వీడికి మీరు అనడం నేర్పండ్రా" అంటారు. పిల్లవాడి తప్పు లేదు. వాడి తలలో ఉన్నది యూ. ఇంట్లో అమ్మ వాడితో రోజూ అనేది నువ్వు. ఆ రెండూ ఒకటే అనుకున్నాడు. వాడు బడిలో టీచరుతో, పక్కింటి పిల్లాడితో, అందరితో మాట్లాడుతున్నది మీరు అనే మాటతోనే. దాన్ని తెలుగులోకి తెచ్చేటప్పుడు మాత్రం నువ్వు చేసేస్తున్నాడు. సినిమాలకి డబ్బింగ్ రాసేవాళ్ళనీ ఇదే చిక్కు వేధిస్తుంది. ఇంగ్లీషు సినిమాలో నాయకుడూ నాయికా మొదటి రీలు నుంచి చివరి రీలు దాకా యూ అనే అనుకుంటారు. తెలుగులో వాళ్ళు ఎక్కడ మీరు వదిలి నువ్వులోకి దిగాలి? తొలి పరిచయంలోనా, వాన పాట తర్వాతా? అది ఆ రచయిత తేల్చుకోవాల్సిందే. అసలు సినిమాలో దానికి ఆనవాలు ఉండదు.

అందరికీ ఒకే మాట సరిపెట్టుకున్నందుకు ఇంగ్లీషు ఇంకో నష్టం కూడా పడింది. యూ అంటే ఒక్కరా, పదిమందా? తెలియదు. ఆఫీసు మీటింగులో మేనేజరు, యూ ఈ పని శుక్రవారానికి పూర్తి చెయ్యాలి అంటాడు. గదిలో ఎనిమిది మంది. ఎవరికి చెప్పాడు? ఎనిమిదిమందీ పక్కవాడికే అనుకుంటారు. ఈ బాధ తెలుగుకీ కొంచెం ఉంది. ఇప్పుడు నేను మీరు, మీరు అంటున్నాను. రేడియో దగ్గర మీరు ఒక్కరే ఉన్నారో, ఇంటిల్లిపాదీ ఉన్నారో నాకు తెలియదు. అయితే మనకి నువ్వు ఉంది కాబట్టి సగం చిక్కు తీరుతుంది. వాళ్ళకి అదీ లేదు.

అందుకని జనం ఎవరికి వాళ్ళు మరమ్మత్తు చేసుకున్నారు. ఐర్లండులో, లివర్‌పూల్‌లో, ఆస్ట్రేలియాలో కొందరు యూకి ఒక బహువచనపు తోక తగిలించి యూజ్ అన్నారు. పిట్స్‌బర్గ్ వాళ్ళు యింజ్ అన్నారు. అమెరికాలో చాలాచోట్ల యూ గైస్ అంటారు. ఎదుట ఉన్నవాళ్ళందరూ ఆడవాళ్ళే అయినా యూ గైసే. దక్షిణాది రాష్ట్రాలవాళ్ళు యూ, ఆల్ అనే రెండు మాటల్ని కలిపి యాల్ అన్నారు. వీటన్నిటిలో నాకు నచ్చింది ఆ యాల్. బడిపంతుళ్ళు దాన్ని చాలాకాలం మోటుమాట అన్నారు. ఇప్పుడది దక్షిణాది దాటి దేశమంతా పాకుతోంది. టెక్సాస్ వెళ్ళిన మన కుర్రవాళ్ళు కూడా త్వరలోనే యాల్ అనేస్తారు. అనరా మరి? మీరు పక్కన అంతా చేర్చి మీరంతా అనడం వాళ్ళు పుట్టినప్పటినుంచీ చేస్తున్న పనే.